హాగ్వర్ట్స్ ఎక్స్‌ప్రెస్ బల్ల మీదికి వచ్చేదాకా

ఎంతో ఇష్టంగా మొదలైన నమూనా రైలింజన్లు చాలావరకు పొగగొట్టం కూడా మొలవకముందే అటక మీది అట్టపెట్టెలోకి చేరుకుంటాయి. ఆ పెట్టెలో రెండు చక్రాలు, సగం కోసిన రేకు, మూత బిగుసుకుపోయిన రంగు డబ్బా మిగులుతాయి. మొదలుపెట్టినవారు తమకు ఓపిక లేదనో, చేతిలో పనితనం లేదనో తమ మీద తామే తీర్పు చెప్పుకుని ఆ ఊసే మానేస్తారు. ఆ తీర్పు సరైనదేనా? కోత వంకర పోయినందువల్ల నమూనా ఆగిపోవడం అరుదు. ఏం చేస్తున్నారో చేసేవారికే తేలకపోవడం వల్ల ఆగిపోవడమే తరచుగా జరుగుతుంది. ఇంజను ఎంత పొడవుండాలి, పట్టాల మీద నడవాలా లేక అద్దాల బీరువాలో నిలబడాలా, ఏ కాలంనాటి రూపాన్ని చేయాలి అన్న ప్రశ్నలను పక్కనపెట్టి నేరుగా కత్తి అందుకున్నవారు వారానికొక భాగాన్ని విప్పి కొత్తగా చేయవలసి వస్తుంది. మూడోసారి విప్పేసరికి ఎంతటి ఉత్సాహమైనా నీరుగారిపోతుంది. అందువల్ల ఈ అధ్యాయం నిర్ణయాలతో మొదలై, ఆ తరువాతే పనిముట్ల జోలికి వెళ్తుంది.

ఇందుకు ఉదాహరణగా తీసుకున్నది హ్యారీ పాటర్ చిత్రాల్లోని ఎర్ర ఇంజను. పిల్లలకూ పెద్దలకూ తెలిసిన ముఖం కావడం ఒక కారణమైతే, మొదటిసారి ప్రయత్నించేవారికి అంతకంటే పనికొచ్చే కారణం మరొకటి ఉంది. ఆవిరి ఇంజన్లలో ఆవిరిని సరైన క్షణంలో సిలిండరులోకి వదిలే కడ్డీల సమూహాన్ని వాల్వ్ గేర్ అంటారు. చాలా ఇంజన్లలో అది చక్రాల బయట, కంటికి ఎదురుగా, సాలెగూడులా అల్లుకుని ఉంటుంది. ఈ ఇంజనులో అది చట్రం లోపల దాగి ఉన్నందున బయటికి కనిపించేవి నిడుపైన కడ్డీలు మాత్రమే. సినిమా ప్రపంచంలో ఇంత పేరున్న ఇంజన్లలో తొలి ప్రయత్నానికి ఇంత అనువైనది మరొకటి దొరకడం కష్టం.

ఆ ఇంజను ఏది?

2001 నుంచి 2011 వరకు విడుదలైన ఎనిమిది చిత్రాల్లో హాగ్వర్ట్స్ ఎక్స్‌ప్రెస్‌ను లాగిన ఇంజను బ్రిటన్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వేకు చెందిన 5972 నంబరుది. దాని అసలు పేరు ఓల్టన్ హాల్. చార్లెస్ కాలెట్ రూపకల్పన చేసిన 'హాల్' తరగతిలోని 259 ఇంజన్లలో ఒకటిగా 1937 ఏప్రిల్‌లో స్విండన్ కార్ఖానాలో తయారైంది. 1963 డిసెంబరులో సర్వీసు నుంచి తొలగించాక సౌత్ వేల్స్‌లోని బ్యారీ పాత ఇనుము యార్డుకు చేరి, 1981లో అక్కడి నుంచి బయటపడి, 1998లో మళ్లీ ఆవిరితో కదిలింది. గ్రేట్ వెస్టర్న్ వారి సంప్రదాయ రంగు ఆకుపచ్చ. ఎరుపు సినిమా కోసం వేసినది. 2015 నుంచి ఈ ఇంజను లండన్ దగ్గరి లీవ్స్‌డెన్ స్టూడియో ప్రదర్శనలో ఉంది.

ఈ వివరాలన్నీ నమూనా చేసేవారికి ఎందుకు? తప్పు ఫొటో ముందు పెట్టుకుని నెలల తరబడి సరైన పని చేసినా ఫలితం తప్పుగానే వస్తుంది కాబట్టి. ఈ ఇంజను విషయంలో దారితప్పించే చిక్కులు నాలుగున్నాయి.

మొదటిది పేరుపలక. సినిమాలో దానికి 'హాగ్వర్ట్స్ కాజిల్' అన్న పలక తగిలించారు. గ్రేట్ వెస్టర్న్‌లో 'కాజిల్' అన్నది వేరే తరగతి: వాటికి నాలుగు సిలిండర్లు, 6 అడుగుల 8½ అంగుళాల పెద్ద చక్రాలు ఉంటాయి. హాల్ తరగతికి బయట రెండే సిలిండర్లు, 6 అడుగుల పెద్ద చక్రాలు. పలకను నమ్మి కాజిల్ డ్రాయింగు తెచ్చుకున్నవారికి మొదటి చక్రం దగ్గరే లెక్క తప్పుతుంది. రెండవది టా వ్యాలీ అనే 34027 నంబరు ఇంజను: 2000లో నాలుగవ పుస్తకం ప్రచార యాత్రకు దానికి ఎరుపు వేసి ఇదే పేరుపలక తగిలించారు, కానీ మరీ ఆధునికంగా ఉందని చిత్రాలకు తీసుకోలేదు. ఆ ఫొటోలు ఇప్పటికీ సినిమా ఇంజనువే అన్నట్లుగా చేతులు మారుతుంటాయి. మూడవది స్కాట్లాండులో ఫోర్ట్ విలియం, మల్లేగ్ ఊళ్ల మధ్య నడిచే జాకబైట్ అనే పర్యాటక రైలు. సినిమాలో కనిపించిన గ్లెన్‌ఫినన్ వంతెన మీదుగానే అది వెళ్తుంది కాబట్టి జనం దాన్ని కూడా హాగ్వర్ట్స్ రైలనే అంటారు. దాన్ని తరచుగా లాగే నల్లని 'బ్లాక్ ఫైవ్' ఇంజన్లకు వాల్వ్ గేర్ బయటే ఉంటుంది. నాలుగవది ఫ్లోరిడాలోని ఓర్లాండో వినోద ఉద్యానంలో 2014లో మొదలైన రైలు: చూడటానికి ఆవిరి ఇంజనులా ఉన్నా అది తాడుతో లాగే ఏర్పాటు.

సరైన ఫొటోను గుర్తించడానికి మూడు ఆనవాళ్లు చాలు: క్యాబిన్ పక్కన 5972 అన్న సంఖ్య, ముందు నాలుగు చిన్న చక్రాలు ఆపైన ఆరు పెద్ద చక్రాలు, బాయిలరు వీపు మీద గుమ్మటం లేకుండా ఒకే ఒక ఇత్తడి గొట్టం. చాలా ఇంజన్లకు బాయిలరు పైన ఆవిరి చేరే గుమ్మటం ఉంటుంది. గ్రేట్ వెస్టర్న్ వారు దాన్ని వదిలేసి, పీడనం హద్దు మీరితే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వుకు మెరిసే ఇత్తడి తొడుగు అమర్చారు. అలవాటు చొప్పున గుమ్మటం పెట్టేయడం కొత్తవారిలో చాలా తరచుగా కనిపించే పొరపాటు.

కత్తి పట్టకముందు తేల్చుకోవలసినవి

స్కేలు అంటే అసలు కొలతకు, నమూనా కొలతకు ఉన్న నిష్పత్తి. గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల చాలా గందరగోళం పుడుతుంది. బ్రిటిష్ నమూనాల్లో బాగా వాడుకలో ఉన్న ఓఓ పద్ధతిలో అసలు ఇంజనులోని ప్రతి అడుగుకూ 4 మిల్లీమీటర్లు, ఓ పద్ధతిలో ప్రతి అడుగుకూ 7 మిల్లీమీటర్లు తీసుకుంటారు. బఫర్ నుంచి బఫర్ వరకు, అంటే ముందు ఒత్తుడు దిమ్మె నుంచి టెండరు (ఇంజను వెనక వచ్చే బొగ్గు, నీళ్ల బండి) వెనక దిమ్మె దాకా, ఈ ఇంజను పొడవు సుమారు 63 అడుగులు. అందువల్ల ఓఓలో 252 మిల్లీమీటర్లు, ఓలో 441 మిల్లీమీటర్లు అవుతుంది. గేజిలో మాత్రం రెండూ కొంత రాజీపడ్డాయి: 4 మిల్లీమీటర్ల లెక్కన పట్టాల మధ్య 18.83 మిల్లీమీటర్లు ఉండాల్సింది 16.5 మాత్రమే ఉంటుంది, 7 మిల్లీమీటర్ల లెక్కన 33 రావలసింది 32 ఉంటుంది. కాబట్టి ముందు నుంచి చూసినప్పుడు ఓఓ నమూనా కాళ్లు దగ్గరికి పెట్టి నిలబడినట్లుంటుంది; అది పద్ధతిలోనే ఉన్న లోపం, చేసినవారిది కాదు.

ఏది ఎంచుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో ఉన్న చోటే చెబుతుంది. రెండు పడకగదుల ఫ్లాటులో ఉండే ఒక ఉద్యోగి ఓ పద్ధతిలో ఇంజను చేసి హాలు చుట్టూ తిప్పాలనుకున్నారని అనుకుందాం. అంత పెద్ద ఇంజను మలుపు తిరగడానికి సుమారు 1.8 మీటర్ల వ్యాసార్ధం కావాలి, అంటే వలయం అడ్డంగా 3.6 మీటర్లు, సోఫా, భోజనాల బల్ల రెండూ వీధిలోకి పోవలసిందే. అదే ఉద్యోగి ఓఓలో చేస్తే అర మీటరు లోపు వ్యాసార్ధంలోనూ బండి తిరుగుతుంది, కానీ క్యాబిన్ లోపలి పిడులు ఆవగింజంత అవుతాయి. ఇంజను నడవాలన్న కోరిక బలంగా ఉంటే ఓఓ, వివరాలు చేత్తో చేయాలన్న కోరిక బలంగా ఉంటే ఓ మంచిది. ఈ అధ్యాయం రెండవ దారిని ఎంచుకుని, అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్కన సాగుతుంది. పట్టా ముక్క మీద నిలబడి, చేత్తో తోస్తే కడ్డీలతో సహా కదిలే నమూనా దీని లక్ష్యం. మోటారు కావాలనుకునేవారు రోబో బొమ్మల విడిభాగాల దుకాణాల్లో దొరికే ఎన్20 గేరు మోటారుకు టెండరులో చోటు వదిలిపెట్టుకోవచ్చు.

ఇక దృశ్యం సంగతి. సినిమాలో కనిపించిన గ్లెన్‌ఫినన్ వంతెనను కూడా చేసేద్దామన్న ఆశ దాదాపు అందరికీ కలుగుతుంది. 1901లో ప్రారంభమైన ఆ కాంక్రీటు వంతెన పొడవు 380 మీటర్లు, ఖానాలు 21. అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్కన అది దాదాపు 8.7 మీటర్లు. ఇంట్లో అంత గోడ ఎక్కడుంది? ఒక్కొక్క కమాను వెడల్పు 50 అడుగులు కాబట్టి నమూనాలో 350 మిల్లీమీటర్లు వస్తుంది, ఇంజను దానికంటే పొడవుగా ఉంటుంది. రెండు కమానులు చేసి మూడోదాన్ని సగంలో ఆపేసినా చూసేవారికి వంతెన స్ఫురిస్తుంది. అదీ ఇంజను పూర్తయ్యాకే.

తేల్చిన ప్రతి అంశాన్నీ ఒక కాగితం మీద రాసి పని బల్ల ఎదుట అంటించాలి: స్కేలు, నిలబడేదా నడిచేదా, ఏ చిత్రం నాటి రూపం, ఏ ఫొటో ప్రమాణం. మధ్యలో కొత్త ఆలోచన వస్తే, ఎంత మంచిదైనా, ఆ కాగితం వెనక వైపు రాసుకుని తరువాతి నమూనాకు దాచుకోవాలి.

కొలతల చీటీ

అసలు కొలతలను పని జరిగేటప్పుడు మార్చుకుంటూ పోకుండా ఒకేసారి కూర్చుని లెక్కగట్టి రాసుకోవడం మంచిది. ముఖ్యమైనవి ఇవి: పెద్ద చక్రం 6 అడుగులు, నమూనాలో 42 మిల్లీమీటర్లు. ముందు చిన్న చక్రం 3 అడుగులు, నమూనాలో 21. టెండరు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 15 అడుగులు, నమూనాలో 105. పిస్టను ప్రయాణం 30 అంగుళాలు కాబట్టి చక్రం మధ్య నుంచి కడ్డీ తగిలించే పిన్ను దాకా 15 అంగుళాలు, నమూనాలో 8.75.

పెద్ద చక్రాల ఎడం దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. మూడు జతల చక్రాలు సమదూరంలో ఉంటాయని కన్ను అనుకుంటుంది, అసలు ఇంజనులో అలా లేవు. మొదటి ఇరుసు నుంచి రెండవదానికి 7 అడుగులు, రెండవదాని నుంచి మూడవదానికి 7 అడుగుల 9 అంగుళాలు. నమూనాలో 49, 54.25 మిల్లీమీటర్లు. ఈ అయిదు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోకుండా సమంగా పంచినవారి ఇంజను నిలబడుతుంది, తిరుగుతుంది కూడా. కానీ క్యాబిన్ కింద ఏదో ఇరుకైనట్లు ఎప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది, కారణం మాత్రం దొరకదు.

పని సాగే క్రమం

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. వెర్నియర్ కాలిపర్స్, ఉక్కు స్కేలు, చిన్న మూలమట్టం, పదునైన బ్లేడు కత్తి, రెండు మూడు రకాల ఆకురాళ్లు, చేతి డ్రిల్లు, టంకం పెట్టడానికి సోల్డరింగ్ ఐరన్, నీళ్ల కాగితం ఉంటే చాలు. శరీర భాగాలకు ఒక మిల్లీమీటరు ఏబీఎస్ షీటు, కడ్డీలకూ చట్రానికీ ఇత్తడి రేకు అనువైనవి. ఫొటో ఫ్రేముల వాళ్లు వాడే సన్‌బోర్డు అట్ట నమూనా గీతలు సరిచూడటానికి పనికొస్తుంది కానీ అసలు పనికి మెత్తన.

1. టెండరుతో మొదలుపెట్టాలి. బొగ్గును, నీళ్లను మోసుకుంటూ ఇంజను వెనక వచ్చే బండే టెండరు. అది దాదాపుగా ఒక పెట్టె, ఆరు చక్రాలు ఒకే కొలత, కదిలే కడ్డీలు లేవు. ఇంజను ముఖంతో మొదలుపెట్టాలన్న తహతహ సహజమే, కానీ చేతికి కొలత అలవాటు కాకముందు చేసిన ముఖం చివరికి అన్నిటికంటే నాసిగా మిగులుతుంది, ఎదురుగా కనిపించేదీ అదే. టెండరు మీద చేసిన తప్పులు బొగ్గు కుప్ప కింద దాగుతాయి.

2. చట్రం పలకలకూ, చక్రాలను కలిపే కడ్డీలకూ బెజ్జాలు ఒకే గీత నుంచి వేయాలి. పక్కపక్కనున్న పెద్ద చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీని కప్లింగ్ రాడ్ అంటారు. ఇరుసుల మధ్య దూరం, కడ్డీ బెజ్జాల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రాలు బిగుసుకుపోతాయి. అందుకు ఉపాయం ఏమిటి? రెండు చట్రం పలకలనూ, రెండు కడ్డీల రేకులనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, అక్కడక్కడ టంకంతో అంటించి, నాలుగింటినీ కలిపి ఒకేసారి డ్రిల్లు చేయాలి. అప్పుడు కొలతలో తప్పున్నా నాలుగింటిలో అదే తప్పు ఉంటుంది, బండి మాత్రం తిరుగుతుంది. ఈ ఒక్క పద్ధతి తెలియకపోవడం వల్లనే చాలామంది కడ్డీల దగ్గర ఆగిపోతారు. ఆ తరువాత కడ్డీ బెజ్జాన్ని మాత్రం కాస్త పెద్దది చేసి పిన్నుకు వదులు ఇవ్వాలి.

3. చక్రాల కోణం సరిచూడాలి. ఆవిరి ఇంజనులో కుడివైపు పిన్ను, ఎడమవైపు పిన్ను ఒకే చోట ఉండవు. వాటి మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఒక పక్క పిస్టను చివరికంటా వెళ్లి తోసే శక్తి లేకుండా ఉన్న క్షణంలో రెండో పక్క పిస్టను నడిమధ్యన ఉండి చక్రాన్ని తిప్పుతుంది, లేకపోతే ఇంజను కొన్ని చోట్ల ఆగిందంటే మళ్లీ కదలదు. ఈ అమరికను క్వార్టరింగ్ అంటారు. నమూనాలో గుర్తుంచుకోవలసింది, సరిగ్గా 90 డిగ్రీలు రాకపోయినా ఫరవాలేదు, మూడు ఇరుసులకూ ఒకే కోణం రావడమే ప్రాణం. ముందు రెండు ఇరుసులు మాత్రం బిగించి, కడ్డీ తగిలించి, వాలుగా పెట్టిన అద్దం పలక మీద దానంతటదే దొర్లేదాకా సరిచేసి, ఆ తరువాతే మూడో ఇరుసు జోలికి వెళ్లాలి. మూడూ ఒకేసారి బిగిస్తే తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

చక్రాలను చేత్తో చేయాలా, కొనాలా అన్న సందేహం కూడా ఇక్కడే వస్తుంది. చక్రం ఆకులు సన్నగా, అంచు గుండ్రంగా రావాలంటే లేతు పని తెలిసి ఉండాలి. ఆ పని నేర్చుకోవడమే లక్ష్యం కానప్పుడు చక్రాలు కొనడంలో చిన్నతనం ఏమీ లేదు.

4. బాయిలరు సమ గొట్టం కాదు. కొత్తవారు నేరుగా ఒక పీవీసీ పైపు ముక్క కోసి పెట్టేస్తారు, దాంతో ఇంజను నీళ్ల ట్యాంకరులా తయారవుతుంది. ఈ ఇంజను బాయిలరు ముందు సన్నగా మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ లావవుతుంది: ముందు 4 అడుగుల 10.8 అంగుళాలు, వెనక 5 అడుగుల 6 అంగుళాలు, పొడవు 14 అడుగుల 10 అంగుళాలు. నమూనాలో 34.3, 38.5, 103.8 మిల్లీమీటర్లు, పైన తొడిగే రేకు వల్ల చూపుకు ఇంకొంచెం లావుగా ఉంటుంది. బయట వ్యాసం 32 మిల్లీమీటర్లుండే పీవీసీ పైపును లోపలి బొమికగా పెట్టి, దాని మీద పెరుగుతున్న కొలతల్లో నాలుగు వలయాలు తొడిగి, పైన పల్చని ప్లాస్టిక్ షీటు చుడితే ఈ వాలు చక్కగా వస్తుంది. షీటును కోసేముందు అదే ఆకారంలో కాగితం చుట్టి, అతుకు కిందికి వచ్చేలా గుర్తుపెట్టి, విప్పి చూస్తే అది దీర్ఘచతురస్రంగా ఉండక కొద్దిగా విసనకర్రలా వంగి ఉంటుంది. ఆ కాగితమే కోతకు ఆధారం.

బాయిలరు వెనక బొగ్గు మండే అరను ఫైర్‌బాక్స్ అంటారు. దీని భుజాలు గుండ్రంగా కాక నలుపలకగా లేచి ఉంటాయి, అదే గ్రేట్ వెస్టర్న్ ఇంజన్ల ముఖకవళిక. ఆ భుజాలను ఒకే షీటు వంచి తెచ్చే ప్రయత్నం మానుకుని, చిన్న చెక్క దిమ్మెను చెక్కి నునుపు చేసుకోవడమే సులువు.

5. రంగు వేయకముందు మొత్తం ఇంజనును ఒకసారి జిగురు లేకుండా పేర్చి చూడాలి. చేయి చాచినంత దూరం నుంచి, నిలువుగా, పక్కగా, ముందు నుంచి ఫొటో తీసి ప్రమాణంగా పెట్టుకున్న ఫొటో పక్కన ఉంచాలి. కంటికి దొరకని వంకర ఫొటోలో దొరుకుతుంది.

6. ఎరుపు తొందరను సహించదు. ఎరుపు రంగుకు కప్పే గుణం తక్కువ. కింద ఏ రంగుంటే అది పైకి తేలుతుంది. నల్లని ప్రైమరు మీద వేస్తే గోధుమ ఛాయ, అక్కడక్కడ తెల్లని ప్లాస్టిక్ మీద నేరుగా వేస్తే గులాబీ మచ్చలు. ప్రైమరు అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత. లేత బూడిద రంగుది ఒకే రకంగా అంతటా వేసి, నీళ్ల కాగితంతో నునుపు చేసి, పల్చని పూతలు నాలుగైదు, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరాక, వేయాలి. కోస్తా జిల్లాల్లో వానాకాలం సాయంత్రం స్ప్రే డబ్బా వాడితే గాలిలోని తేమ వల్ల రంగు మీద తెల్లని మసక కమ్ముతుంది. ఎండ కాసిన పూట మధ్యాహ్నమే ఆ పనికి సరైన వేళ. ముందు భాగంలో పొగ చేరే డొల్ల, అంటే స్మోక్‌బాక్స్, నల్లగా ఉండాలి, అయితే డబ్బాలోని నలుపు చిన్న వస్తువు మీద మరీ చిక్కగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం బూడిద రంగు కలపాలి. పొగగొట్టం అంచు రాగి, సేఫ్టీ వాల్వు తొడుగు ఇత్తడి: వీటికి రంగు బదులు అసలు లోహపు రేకునే వాడితే వచ్చే మెరుపు ఏ సీసాలోనూ దొరకదు.

భాగాలను త్రీడీ ముద్రణలో తయారు చేయించేవారు ఒక విషయం మరవకూడదు. త్రీడీ ముద్రణలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ దారిలో కారును ఎండలో నిలిపితే, చేరేలోపు బాయిలరు నడుం వంగిపోవచ్చు.

మధ్యలో ఆగిపోకుండా

పని సగానికి వచ్చాక ఒక దశ తప్పకుండా వస్తుంది: టెండరు పూర్తయింది, చట్రం తిరుగుతోంది, అయినా అది ఇంకా ఇంజనులా కనిపించదు. మొదటి ఉత్సాహం తగ్గి, చివరి ఆనందం ఇంకా అందని ఆ నెలలోనే ఎక్కువ పెట్టెలు అటకెక్కుతాయి. అప్పుడు ఏం చేయాలి? ఆదివారం మొత్తం కూర్చుని ముగించేయాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు, అలసిన చేతికి బ్లేడు జారుతుంది. రోజుకు ముప్పావు గంట, మరుసటి రోజు చేయవలసిన పని స్పష్టంగా తెలిసిన చోట ఆపడం, ఆ పనిని చీటీ మీద రాసి పెట్టెలో వేయడం, ఈ మూడూ కలిస్తే తిరిగి కూర్చోవడానికి బద్ధకం అడ్డురాదు. చక్రం బిగుసుకున్న చోట విసుగుతో ఆపితే మర్నాడు ఆ విసుగే ముందుగా గుర్తొస్తుంది. అందుకే చిక్కు వచ్చిన రోజున మరో అయిదు నిమిషాలు తీసుకుని ఏదైనా సులువైన పని, ఒక అంచు రాయడమో ఒక బెజ్జం వేయడమో, ముగించి లేవాలి.

పాడైన భాగం ఎదురైనప్పుడు మళ్లీ చేయాలా, వదిలేయాలా అన్నది మరో చిక్కు. దీనికి ఒక కొలబద్ద ఉంది: రెండు అడుగుల దూరం నుంచి చూసినప్పుడు కనిపించే లోపాన్ని సరిచేయాలి, కనిపించనిదాన్ని వదిలేయాలి. కదలికకు అడ్డొచ్చే లోపం మాత్రం కనిపించకపోయినా సరిచేయవలసిందే. ఇంటర్ చదివే ఒక విద్యార్థి క్యాబిన్ కిటికీ అర మిల్లీమీటరు వంకరగా వచ్చిందని క్యాబిన్‌ను మూడుసార్లు కోసి, నాలుగోసారి షీటు లేక పని మానేశాడని అనుకుందాం. ఆ కిటికీని ఎవరు చూస్తారు? పూర్తయిన ఇంజనులో అది కనిపించదు, పూర్తికాని ఇంజనులో అది తప్ప మరేదీ కనిపించదు.

అసలు ఇంజన్లను చూసే అవకాశాన్ని వదులుకోకూడదు. లీవ్స్‌డెన్ అందరికీ అందదు, కానీ ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో, మన వైపు కొన్ని రైల్వే స్థలాల ముందు నిలబెట్టిన పాత ఆవిరి ఇంజన్ల దగ్గర నిలబడి చూస్తే, కడ్డీ పిన్నును ఎలా పట్టుకుంటుందో, బాయిలరు చట్రం మీద ఎక్కడ ఆనుతుందో, మసి ఎక్కడ పేరుకుంటుందో ఏ ఫొటో చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. వాటి తరగతులు వేరైనా చేసే పని ఒకటే.

మసి పూత గురించి చివరగా ఒక మాట చెప్పాలి. నమూనాకు పాతబడిన రూపం తేవడానికి నలుపు, తుప్పు రంగులు పల్చగా రుద్దే పనిని వెదరింగ్ అంటారు. ఇందులో చాలామంది చేయి ఆపలేరు. సినిమాలో ఈ ఇంజను పాఠశాలకు పిల్లల్ని తీసుకువెళ్లే పండుగ బండి. చక్రాల దగ్గర కాస్త దుమ్ము, పొగగొట్టం వెనక సన్నని మసి చార చాలు. అంతకంటే ఎక్కువ రుద్దితే అది బ్యారీ యార్డులోని ఓల్టన్ హాల్ అవుతుంది, హాగ్వర్ట్స్ ఎక్స్‌ప్రెస్ కాదు.

ఈ అధ్యాయం చదివినవారు ఈ రోజే ఏ షీటూ కొనకుండా చేయగలిగిన పని ఒకటుంది. ఒక పొడవాటి కాగితం మీద 441 మిల్లీమీటర్ల గీత గీసి, దాని మీద 42 మిల్లీమీటర్ల వృత్తాలు మూడు, 49, 54.25 మిల్లీమీటర్ల ఎడంతో వేసి, ఆ కాగితాన్ని ఇంజను నిలబడబోయే చోట గోడకు అంటించి చూడండి.